రోగశేషం

ఋణశేషం, అగ్నిశేషం, రోగశేషం - ఈ మూడింటినీ మిగల్చరాదని పెద్దలు చెబుతారు. మిగిలిన అప్పు వడ్డీతో పెరుగుతుంది. మిగిలిన నిప్పు గాలికి రాజుకుంటుంది. మిగిలిన రోగం అదను చూచి తిరగబెడుతుంది. అప్పు తీరిందనడానికి ప్రామిసరీ నోటు చించివేయవచ్చు. నిప్పు ఆరిందనడానికి నీళ్ళు చల్లి బూడిదను చేతితో తాకి చూడవచ్చు. రోగం నిశ్శేషంగా పోయిందనడానికి అటువంటి సాక్ష్యం అన్నివేళలా దొరకదు. క్యాన్సర్ విషయంలో ఈ మాట మరింత నిజం. శస్త్రచికిత్స జరిగి, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయి, చికిత్స ముగిసిందని వైద్యుడు చెప్పిన రోజున బంధువులు మిఠాయిలు పంచుకుంటారు. రోగికి ఆ రోజునుండే మరొక జీవితం మొదలవుతుంది. చేతిలో ఒక ఫైలు ఉంటుంది. ఆ ఫైలులో, మూడు నెలల తరువాత మళ్ళీ రావలసిన తేదీ ఒకటి రాసి ఉంటుంది.

2020 మార్చిలో ఆ తేదీలన్నీ ఒక్కసారిగా అర్థం కోల్పోయాయి.

ఈ వ్యాధికి పేర్ల కొరత ఎన్నడూ లేదు. ప్రాచీన గ్రీకు వైద్యులు దీనిని పీత పేరుతో పిలిచారు. క్యాన్సర్ అనే లాటిన్ పదానికి కూడా పీత అనే అర్థం. సుశ్రుతసంహిత కణితిని అర్బుదమన్నది. తెలుగు పల్లెలలో పాతతరం వారు రాచపుండు అన్నారు. కాని వ్యాధినుండి బయటపడి బ్రతుకుతున్న మనిషిని ఏమని పిలవాలి? పత్రికలు ‘క్యాన్సర్ విజేత’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాయి. వినసొంపైన మాటే. అయితే విజేత అన్నప్పుడు యుద్ధం ముగిసిందన్న ధ్వని ఉన్నది. ప్రాణాలు కోల్పోయిన వారు సరిగా పోరాడలేదన్న అపధ్వని కూడా అందులో దాగి ఉన్నది. వీటన్నింటికంటె ‘కోలుకొనడం’ అనే పాత తెలుగు మాటే నయం. అది ఒక రోజుతో ముగిసే క్రియ కాదు. కోలుకొన్నాడనీ అనవచ్చు, కోలుకొంటున్నాడనీ అనవచ్చు.

ఈ కోలుకొనే కాలాన్ని ప్రత్యేకంగా గుర్తించి రాసిన వారిలో ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికా వైద్యుడు ముఖ్యుడు. 1975లో, ముప్ఫై రెండేళ్ళ వయస్సులో, ఆయనకే క్యాన్సర్ వచ్చింది. పదేళ్ళ తరువాత 1985లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఆయన తన అనుభవాన్ని వ్యాసంగా రాస్తూ, బ్రతికి బయటపడడాన్ని ఋతువులతో పోల్చాడు. మొదటిది వ్యాధి నిర్ధారణ, చికిత్సల తీవ్రమైన ఋతువు. రెండవది చికిత్స ముగిసి, వ్యాధి తిరిగి వస్తుందేమోనన్న భయంతో గడిపే దీర్ఘమైన ఋతువు. మూడవది ఆ భయం సన్నగిల్లి స్థిరపడే ఋతువు. 2005లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదికను వెలువరిస్తూ, చికిత్స ముగించిన ప్రతి రోగికీ జరిగిన వైద్యం వివరాలనూ, ఇకపై చేయవలసిన పరీక్షలనూ రాతపూర్వకంగా ఇవ్వాలని సూచించింది. భారతదేశంలో అటువంటి పత్రం అందుకొనేవారు అరుదు. ఇక్కడ ఆ పనిని చాలావరకు నలిగిపోయిన ఆసుపత్రి ఫైలే చేస్తుంది. ఆ ఫైలును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బియ్యం డబ్బా వెనుకో, దేవుని పటాల పక్కనో భద్రపరచుకొనే ఇళ్ళు తెలుగునాట ఎన్నో ఉన్నాయి.

చికిత్సానంతర సంరక్షణ అనగానే ఏదో పెద్ద యంత్రంతో చేసే పరీక్ష అనుకోనక్కరలేదు. అందులో అధికభాగం చిన్న చిన్న పనులే. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసినప్పుడు చంకలోని శోషరస గ్రంథులను కూడ తొలగించవలసి వస్తుంది. అప్పుడు ఆ చేతిలోని ద్రవం పైకి ప్రవహించే దారి తగ్గి, నెలలకో సంవత్సరాలకో చెయ్యి వాచే అవకాశం ఉన్నది. గాజులు బిగుతు కావడం, జాకెట్టు చెయ్యి పట్టకపోవడం దాని తొలి సూచనలు. ఇటువంటివారిలో కొందరు టామోక్సిఫెన్ అనే మాత్రను ఐదేళ్ళు, ఒక్కొక్కప్పుడు పదేళ్ళు, రోజూ వేసుకోవాలి. ఏడాదికొకసారి మామోగ్రామ్ తీయించుకోవాలి. థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తొలగించిన వారికి జీవితాంతం ఉదయాన్నే పరగడుపున మాత్ర, నిర్ణీత కాలానికి రక్తపరీక్ష తప్పవు. చిన్నతనంలో రక్తక్యాన్సర్‌కు చికిత్స పొందిన పిల్లలలో కొందరికి, వాడిన మందుల ప్రభావం గుండెపై ఉన్నదేమోనని పెద్దయిన తరువాత కూడ ఎకో పరీక్ష చేయిస్తారు.

నోటి క్యాన్సర్ సంగతి వేరు. ఉత్తర కోస్తా పల్లెలలో కొందరు స్త్రీలకు చుట్టను నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని పీల్చే అలవాటు ఉన్నది. దానిని అడ్డపొగ అంటారు. అంగిలిలో పుట్టే క్యాన్సర్‌కు అది ఒక కారణమని పరిశోధకులు ఏనాడో గుర్తించారు. గుట్కా, ఖైనీల వలన వచ్చేది మరొక రకం. నోటికి శస్త్రచికిత్స, రేడియేషన్ జరిగిన తరువాత దవడ బిగుసుకుపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా నోట పట్టేటంత తెరవగలిగితే మేలు. రెండు వేళ్ళే పడితే వ్యాయామం పెంచాలి. ముద్ద పట్టని నోటితో మనిషి బక్కచిక్కిపోతాడు కనుక ఆ వ్యాయామాన్ని చిన్నపనిగా తీసివేయరాదు. పైగా నోటి క్యాన్సర్ తిరిగి వచ్చే ప్రమాదం మొదటి రెండేళ్ళలోనే ఎక్కువ. అందుచేత ఆ కాలంలో ఒకటి రెండు నెలలకొకసారి వైద్యుడు నోటిలోకి దీపం వేసి చూడాలి, మెడను వేళ్ళతో తడిమి చూడాలి.

దీనికంతటికీ ప్రయాణం కావాలి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రికి తెలుగు జిల్లాల నుండే కాక, పొరుగు రాష్ట్రాల సరిహద్దు గ్రామాల నుండి కూడ జనం వస్తారు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదవాని ఆపరేషన్‌కు, కీమోథెరపీకి అండగా నిలిచింది. ఐదు నిమిషాల పునఃపరీక్ష కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకొనడం మాత్రం ఏ పథకం లెక్కలోకీ రాదు. క్యాన్సర్ రోగులకు రైలు చార్జీలలో రాయితీ ఉన్నది. 2020 మార్చిలో రైల్వేవారు అనేక వర్గాల రాయితీలను నిలిపివేస్తూ కూడ రోగుల రాయితీని అలాగే ఉంచారు. కాని మార్చి 22 అర్ధరాత్రి నుండి ప్రయాణికుల రైళ్ళే నిలిచిపోయాయి. రైలు లేని రాయితీ కాగితం ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు! 25వ తేదీ నుండి దేశమంతా లాక్‌డౌన్ అమలయింది. మే 12న పదిహేను జతల ప్రత్యేక రైళ్ళు కదిలేవరకు రైలు ప్రయాణం సామాన్యునికి అందలేదు.

ఆ మూడు నెలలలో ఏమి జరిగిందో అంకెలు చెబుతాయి. ముంబయిలోని టాటా స్మారక కేంద్రం పూనికతో 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లో దేశంలోని అనేక ఆసుపత్రులు సభ్యులుగా ఉన్నాయి. వాటిలో 41 కేంద్రాల లెక్కలు 2021లో ప్రచురితమయ్యాయి. 2019 మార్చి నుండి మే వరకు ఆ కేంద్రాలలో పునఃపరీక్షకు వచ్చినవారు 6,34,745 మంది. 2020లో అదే మూడు నెలలలో వచ్చినవారు 3,40,984 మంది. అంటే నూటికి 46 వంతులు తగ్గారు. కొత్తగా పేరు నమోదు చేయించుకొన్నవారు అంతకంటె ఎక్కువగా, 54 శాతం తగ్గారు. రేడియేషన్ పొందినవారు మాత్రం 23 శాతమే తగ్గారు. చికిత్స నడుమ ఉన్నవానిని వైద్యులు ఎలాగో నిలబెట్టుకొన్నారు. వ్యాధి ఉన్నదని ఇంకా తెలియనివాడు, వ్యాధి పోయిందనుకొన్నవాడు - ఈ ఇద్దరూ వెనుకబడిపోయారు.

వైద్యులను నిందించడానికి వీలులేదు. ఆసుపత్రికి రప్పిస్తే కరోనా అంటుకొంటుందేమో. రప్పించకపోతే తిరగబెట్టిన క్యాన్సర్ కంటపడకుండా పెరుగుతుందేమో. ఈ రెండింటి నడుమ ప్రతి ఫైలునూ విడివిడిగా తూచవలసి వచ్చింది. చికిత్స ముగిసి ఐదారేళ్ళు గడిచి, ఏ బాధా లేని వ్యక్తి పరీక్షను ఆరు నెలలు వాయిదా వేయవచ్చు. నిరుడే నోటికి ఆపరేషన్ జరిగి, మెడలో కొత్తగా గడ్డ తగులుతున్నదనే వ్యక్తిని ఒక వారం కూడ ఆపరాదు. తూచడానికి ముందు ఆ మనిషితో మాట్లాడాలి. ఆ పని ఫోను చేసింది.

లాక్‌డౌన్ ఆరంభమైన మార్చి 25వ తేదీనే కేంద్ర ప్రభుత్వం దూరవైద్యానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. వైద్యుడు ఫోనులో రోగిని పరిశీలించి మందు చీటీ ఇవ్వవచ్చునని అందులో స్పష్టంగా చెప్పారు. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ పేరుతో ప్రభుత్వపరంగా ఉచిత సేవ కూడ మొదలయింది. మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మందులను మాత్రం ఫోనులో రాయరాదని నిషేధించారు. అందుచేత తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ వాడేవారి కష్టం మాత్రం అలాగే మిగిలింది. మందులు చేరవేయడానికి తపాలా శాఖ పూనుకొన్నది. కేరళలో అగ్నిమాపక దళంవారు సైతం క్యాన్సర్ మందులను ఇళ్ళకు తీసుకువెళ్ళి ఇచ్చారు. అక్కడి జిల్లా ఆసుపత్రులలోనే క్యాన్సర్ రోగులకు చికిత్స, పరీక్షలు అందేటట్లు తిరువనంతపురం ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం సహకారంతో ఏర్పాట్లు జరిగాయి. రోగి వైద్యుని వద్దకు రాలేనప్పుడు వైద్యమే నాలుగడుగులు ముందుకు వేయాలనే ఆలోచన ఇది. నిజానికి మహమ్మారి రాకపోయినా చేయవలసిన పని.

ఇక ఫోను సంభాషణ ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. ఆసుపత్రిలో ఒక నర్సు చేతిలో ఫైళ్ళ కట్ట. ఎక్కడో పల్లెలో ఒక నడివయస్సు స్త్రీ.

“అమ్మా, మీ ఇంట్లో కుట్టుమిషను టేపు ఉందా?”

“ఉందమ్మా. మా కోడలు జాకెట్లు కుడుతుంది.”

“మోచేతికి పైన నాలుగంగుళాలు కొలిచి, అక్కడ చుట్టుకొలత చూడమనండి. రెండు చేతులకూ చూడాలి. టేపు బిగించకూడదు.”

కాసేపు నిశ్శబ్దం. తరువాత కోడలి గొంతు రెండు అంకెలు చదువుతుంది. రెండు చేతులకూ తేడా రెండు సెంటీమీటర్లు దాటిందా లేదా అన్నది నర్సు చూచుకొంటుంది. దాటితే చేతికి కట్టు కట్టే పద్ధతి, వ్యాయామం, పడుకొన్నప్పుడు చేతిని దిండుపై ఎత్తుగా ఉంచడం వివరిస్తుంది. చెయ్యి ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడ వస్తే ఆలస్యం చేయవద్దని హెచ్చరిస్తుంది. ఈ హెచ్చరిక ఆ రోజులలో ఎంత చిక్కు తెచ్చిందో చెప్పాలి. వాచిన చేతికి సూక్ష్మజీవులు సోకితే వచ్చేదీ జ్వరమే, కరోనాకు వచ్చేదీ జ్వరమే. జ్వరం అన్న మాట వినగానే ముందు కరోనా పరీక్ష చేయించుకొని రమ్మనేవారు. ఆ ఫలితం వచ్చేలోగా చెయ్యి మరింత వాచేది. దగ్గు వస్తే మరొక భయం. ఇంటిల్లిపాదీ కరోనా ఏమోనని బెదురుతుంటే, ఆ స్త్రీ మాత్రం తన పాత రోగం ఊపిరితిత్తులకు పాకిందేమోనని మనసులోనే కుమిలిపోయేది. ఒకే దగ్గుకు రెండు భయాలు.

నోటి క్యాన్సర్ నుండి కోలుకొన్నవారికి వీడియో కొంత ఉపయోగపడింది. మనుమడో మనుమరాలో సెల్‌ఫోను దీపం వెలిగించి తాతగారి నోటిలోకి చూపేవారు. కళాశాలలు మూతపడి ఇంటనే ఉన్న విద్యార్థులకు ఆ రోజులలో ఇది అనుకోని కొలువు. రక్తపరీక్ష కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం, మాత్రల పేర్లు అక్షరం తప్పకుండా చదివి వినిపించడం, తరువాతి ఫోను తేదీని క్యాలెండరులో గుండ్రంగా చుట్టడం వారి వంతు. అప్పటివరకు పెద్దలు వారికి తెలియకుండా దాచిన ఫైలును వారే విప్పి చదవవలసి వచ్చింది. అమ్మమ్మకు వచ్చినది కడుపులో పుండు కాదని ఆ విధంగా తెలుసుకొన్న పిల్లలు కూడ ఉండి ఉంటారు.

ఫోను ఒకటి ఇచ్చి మరొకటి తీసుకొన్నది. ఆసుపత్రి గదిలో తలుపు మూసి స్త్రీ ఒంటరిగా చెప్పుకొనే మాటలు కొన్ని ఉంటాయి. టామోక్సిఫెన్ వాడేవారికి ఒళ్ళంతా సెగలు కమ్మడం మామూలే. ముట్లు ఆగిపోయిన స్త్రీకి మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే మాత్రం అది తప్పక చెప్పవలసిన సంగతి. ఆ మందు అరుదుగానైనా గర్భాశయపు లోపలి పొరలో మార్పులు తేగలదు. కాని ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. దానిని పట్టుకొని స్పీకరు పెట్టి కూర్చున్నది పెద్దకొడుకు. “ఏమైనా ఇబ్బంది ఉందా అమ్మా?” అని వైద్యురాలు అడిగితే, “ఏం లేదమ్మా, బాగానే ఉన్నాను” అన్నదే జవాబు. ఆ ‘బాగానే’లో ఏమి దాగినదో తీగ మీద తెలియదు. “బాబూ, ఫోను అమ్మ చేతికిచ్చి, కాసేపు వీధిలోకి వెళ్ళండి” అని చెప్పడాన్ని దూరవైద్యం చేసేవారు నేర్చుకోవలసి వచ్చింది. మార్గదర్శకాల పుస్తకం కంటె ఈ ఒక్క వాక్యం ఎక్కువమందికి మేలు చేసి ఉంటుందనడంలో అతిశయోక్తి లేదు.

మరొక నష్టం గురించి వైద్యుల లెక్కలలో కనబడదు. ఆసుపత్రి వరండాలోని బెంచీలు ఒక విధంగా సత్రం అరుగులవంటివి. ఒకరి ఊడిన జుట్టు మళ్ళీ ఉంగరాలు తిరిగి మొలవడం మరొకరు చూస్తారు. ఎనిమిదేళ్ళుగా వస్తున్న పెద్దామెను చూచి, ఎనిమిది నెలల క్రితం చికిత్స ముగించుకొన్న యువతి ధైర్యం తెచ్చుకొంటుంది. ఏ మాత్రకూ లేని బలం అది. ఫోను ఆ బెంచీని చూపలేదు.

విచిత్రమేమంటే, లోకమంతా కొత్తగా నేర్చుకొన్న పాఠాలు కొన్ని వీరికి పాతవే. రక్తక్యాన్సర్‌కు చికిత్స పొందిన పిల్లల ఇళ్ళలో మాస్కు, చేతులు కడుక్కొనడం, బయటివారిని దూరంగా ఉంచడం, పచ్చికూరలు తినకపోవడం ఏనాటి నుండో ఉన్న నియమాలు. గుంపులోకి వెళ్ళరాదని బడి మానిపించిన పిల్లవాణ్ణి చూచి ఇరుగుపొరుగు వారు అతి జాగ్రత్త అని నవ్వేవారు. 2020లో ఆ నవ్వినవారే మాస్కు ఎలా కట్టుకోవాలో అడిగారు.

2021లో టీకాలు వచ్చాయి. మార్చి 1 నుండి అరవయ్యేళ్ళు నిండినవారికీ, నలభై అయిదు దాటి తీవ్రమైన దీర్ఘవ్యాధులు ఉన్నవారికీ టీకా వేయడం మొదలయింది. ఆ దీర్ఘవ్యాధుల పట్టికలో ఇరవై అంశాలున్నాయి. లింఫోమా, లుకేమియా, మైలోమా ఉన్నవారిని అందులో చేర్చారు. గడ్డగా ఏర్పడే క్యాన్సర్లకు మాత్రం ఒక హద్దు గీశారు. 2020 జూలై 1న గానీ ఆ తరువాత గానీ వ్యాధి నిర్ధారణ అయి ఉండాలి, లేదా ప్రస్తుతం చికిత్సలో ఉండాలి. వైరస్ వలన ఎక్కువ ప్రమాదం చికిత్స నడుస్తున్నవారికి కనుక, తక్కువగా ఉన్న టీకాను ముందు వారికివ్వాలన్న తర్కం అందులో ఉన్నది. తర్కం సబబే. కాని 2019లో చికిత్స ముగించుకొన్న నలభై ఎనిమిదేళ్ళ స్త్రీ ఆ పట్టిక ముందు ఎక్కడ నిలబడాలి? బీమా వారి దృష్టిలో, పెళ్ళిసంబంధాల దృష్టిలో ఆమె ఇంకా రోగిష్ఠి. టీకా పట్టిక దృష్టిలో ఆమె ఆరోగ్యవంతురాలు. ఆమె రోజూ వేసుకొనే హార్మోను మాత్ర ‘చికిత్స’ కిందికి వస్తుందా రాదా అన్నది ధ్రువపత్రం రాసే వైద్యుని విజ్ఞతకు వదలిన ప్రశ్న. ఏప్రిల్ 1 నుండి నలభై అయిదేళ్ళు నిండిన అందరికీ టీకా ఇవ్వడంతో ఆ చిక్కు నెలరోజులకే తీరింది. నలభై అయిదు నిండనివారికి మాత్రం తీరలేదు. వారు మే నెల వరకు ఆగవలసి వచ్చింది. ఆ నడుమనే రెండవ ఉద్ధృతి దేశాన్ని ముంచెత్తింది.

టీకా విషయంలోనూ చెప్పవలసిన చిన్న సంగతులున్నాయి. ఆపరేషన్ జరిగిన వైపు చేతికి కాక, రెండవ చేతికి వేయించుకోమన్నారు. టీకా వేసిన వైపు చంకలో గ్రంథులు కొన్ని వారాలపాటు వాచవచ్చు. అది టీకా పనిచేస్తున్నదనడానికి గుర్తు. అయితే చంకలో గడ్డ అంటేనే ఉలిక్కిపడేవారికి ఆ సంగతి ముందుగా చెప్పకపోతే రాత్రులు నిద్ర పట్టదు. మామోగ్రామ్‌లోనూ ఆ వాపు కనిపించి అనుమానానికి తావిచ్చింది. అందువలన ఏటేటా తీసే మామోగ్రామ్‌ను, వీలైతే, టీకాకు ముందో లేదా కొన్ని వారాలు ఆగిన తరువాతో తీయించుకోమని వైద్యులు సూచించారు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. అప్పటికే ఆసుపత్రుల వరండాలు యథాప్రకారం కిక్కిరిశాయి. ఫోను వైద్యం పూర్తిగా పోలేదు. మాత్రల చీటీ తిరగరాయడానికి, రక్తపరీక్ష ఫలితం చెప్పడానికి అది చాలునని వైద్యులూ, రోగులూ గ్రహించారు. రెండు రోజుల కూలి పోగొట్టుకోలేనివారికి అది గొప్ప ఊరట. మరికొందరు మాత్రం ఫోను చాలునన్నా వినక, రాత్రంతా రైలులో కూర్చుని తెల్లవారేసరికి వరండాలో వాలేవారు. వారికి కావలసినది మెడనూ చంకనూ తడిమి చూచి, ‘ఏమీ లేదు’ అని చెప్పే ఒక చెయ్యి.

బెంచీల మీద చేరినవారు మొదట అడిగే ప్రశ్న ఒకటే ఉండేది. “ఇక్కడ మూలన కూర్చునే ఆవిడ రాలేదా వదినా? తమలపాకులు తెచ్చి పంచేది, ఆవిడ!” నర్సులు రిజిస్టరు తెరిచి, రెండేళ్ళుగా గడులు ఖాళీగా ఉన్న పేర్లు వెదికి, ఒక్కొక్క నెంబరుకే ఫోను చేశారు. కొన్ని మోగాయి. కొన్ని వేరెవరివో అయిపోయాయి. కొన్నింటికి కొడుకులు జవాబు చెప్పారు.